గాలే తోడు

మా ఇంట్లో పాలకు తోడుపెట్టడం అమ్మ పని. పాలు గోరువెచ్చగా చల్లారాక చిటికెనవేలు ముంచి చూసి, నిన్నటి పెరుగు చెంచాడు వేసి, మూతపెట్టి, ఇక ఆ గిన్నె జోలికి ఎవరినీ పోనిచ్చేది కాదు. పెరుగు అడుగంటిన రోజు గిన్నె పట్టుకుని పక్కింటికి ఉరికేది నేను. "అత్తా, అమ్మ జెర తోడు ఇయ్యమన్నది." అత్త ఇచ్చిన ఆ చెంచాడుతో మా ఇంటి పెరుగుకు వారం రోజులపాటు వాళ్లింటి రుచి ఉండేది.

ఆ సంగతి మరిచిపోయి చాలా ఏళ్లయింది. బ్రసెల్స్‌లో, ఫిబ్రవరి చలిలో, ఒక పాత ఇంటి అటక మీద నిలబడ్డప్పుడు ఉన్నట్టుండి గుర్తొచ్చింది. 1900 నుంచి బీరు మీద బతుకుతున్న ఇల్లు అది. పేరు కాంతియోన్. బీరు కాస్తారు గానీ తోడు వెయ్యరు. రాత్రికి పైకప్పు కింద గాలి సందులు తెరిచి పెట్టి ఇంటికి పోతారు. తెల్లారేసరికి గాలి వచ్చి తోడు వేసి పోయి ఉంటుంది.

మిదీ స్టేషన్లో దిగి పది పదిహేను నిమిషాలు నడవాలి. బోర్డు మీద స్టేషను పేరు ఫ్రెంచిలో ఒకటి, డచ్‌లో ఒకటి. రెండూ దక్షిణమనే చెబుతాయి. పర్యాటకుల బ్రసెల్స్, అంటే చాక్లెట్ కొట్లూ బంగారు పూత భవనాలూ ఉన్న గ్రాన్ ప్లాస్, అవతల ఉండిపోయింది. ఇది ఆందర్లెక్ట్. పుదీనా కట్టలు పేర్చుకున్న మొరాకో వాళ్ల కూరగాయల దుకాణాలు, పాత కార్లు అమ్మే షెడ్లు, గోడవారన సైకిళ్లు. ర్యూ గూద్‌లో 56వ నంబరు ఇల్లు చూస్తే మెకానిక్ షెడ్డేమో అనిపిస్తుంది. నేను రెండుసార్లు దాటి పోయాను. మూడోసారి ముక్కు ఆపింది. తడి చెక్క, పులిసిన పిండి, ఎక్కడో ఆపిల్ పండ్ల బుట్ట మర్చిపోయిన వాసన.

బీరు ఇళ్లు ఈమధ్య చాలానే చూశాను. మెరిసే స్టీలు ట్యాంకులు, నల్లబల్ల మీద సుద్దతో రాసిన ఇరవై పేర్లు, చెవులు దిమ్మెక్కించే పాట. లండన్‌లోనూ అదే, బెంగళూరులోనూ అదే, మన గచ్చిబౌలిలోనూ అదే. తప్పేం లేదు, బీరు బాగానే ఉంటుంది. ఏ ఊళ్లో కూర్చుని తాగుతున్నామో మాత్రం గ్లాసు చెప్పదు. ఆ ఈస్టు పొట్లంలో వస్తుంది, ఎక్కడికైనా వస్తుంది. కాంతియోన్‌కు వచ్చేది ఏ పొట్లంలోనూ పట్టదు.

తలుపు తోసుకుని వెళ్తే నేరుగా పనిగదే. టికెట్టు తీసుకున్నాక ఒక కాగితం చేతిలో పెట్టి, మెట్లు చూసుకుని ఎక్కండి, తిరిగొచ్చాక పోస్తాం అన్నారు. వెంట ఎవరూ రారు. ఎవరింట్లోనో ఎవరూ లేనప్పుడు తిరుగుతున్నట్టు ఉంటుంది.

మొదట ఇనుప గంగాళం. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ 65 పాళ్లు, మొలకెత్తించని పచ్చి గోధుమలు 35 పాళ్లు, దంచి ఇందులో పోస్తారు. వేడినీళ్లు విడతలు విడతలుగా వేడి పెంచుతూ పోస్తుంటే లోపల ఇనుప చేతులు కలియతిప్పుతాయి. తోలు పట్టీలు, చక్రాలు, చక్రాలను తిప్పే ఇంకొన్ని చక్రాలు, మా ఊరి పిండిగిర్నీ ముత్తాతలాగా ఉంది. అందులోంచి వచ్చే తియ్యటి గంజిని రాగి పాత్రల్లోకి ఎక్కించి మూడు నాలుగు గంటలు మరిగిస్తారు. 10,000 లీటర్లు మరిగి మరిగి 7,500 లీటర్లకు దిగుతుంది. హాప్స్ పూలు ఇక్కడే పడతాయి. కొత్త పూలు కావు. మూడేళ్లు నిలవుండి, ఘాటూ చేదూ చచ్చి, రంగు వెలిసిన పూలు. పథ్యానికి పాత చింతకాయ పచ్చడే కావాలని ఇల్లిల్లూ వెతికే మనకు ఇది వింతగా తోచదు. చేదు కోసం వేసేవి కావవి. చెడగొట్టే పురుగును దూరంగా ఉంచే కాపలా ఆ పూలది, అది ముసలితనంలోనూ పోదు.

అక్కడి నుంచి మెట్లు. ఇరుకు మెట్లు, అరిగిన మెట్లు. ఒక్కో మెట్టుకూ చలి పెరుగుతుంది.

అటక మీద ఉంది అది. గదంతా పరుచుకున్న ఎర్ర రాగి తాంబాళం. పెళ్లింట్లో పసుపూ కుంకుమా పెట్టే తాంబాళాన్ని ఒక గది సైజుకు సాగదీస్తే ఎలా ఉంటుందో అలా. లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ. మరిగిన 7,500 లీటర్లూ సాయంత్రం ఇందులోకి వస్తాయి. వాళ్లు దీన్ని కూల్‌షిప్ అంటారు. కదలని ఓడ. ముందు రోజు కాచారట, ఆ పొద్దున్నే కింది పీపాల్లోకి దించేశారట. రాగి ఇంకా తడిగా ఉంది. మూలన గుక్కెడు గంజి మిగిలి, పైన నురుగు గీత కట్టి ఉంది. వంగి చూశాను. నా ముఖం, నా వెనక దూలాలు, దూలాల మధ్య గాలి సందుల్లోంచి ఆందర్లెక్ట్ తెల్లటి ఆకాశం, అన్నీ ఆ గుక్కెడులో ఉన్నాయి.

రాత్రంతా ఆ తాంబాళం మీద ఆవిరి లేస్తుంది. ఆవిరి పైకప్పు దాకా వెళ్లి దూలాలను తడిపి చుక్కలుగా మళ్లీ కిందికి వస్తుంది. వేడి బయటికి పోతుంటే చలిగాలి లోపలికి వస్తుంది. తెల్లవారుజామున గంజి 18, 20 డిగ్రీలకు చల్లారేలోపు ఎవరెవరు వచ్చి వాలారో ఎవరికీ లెక్క తెలియదు.

ఓ గాలీ, నిన్ను గురించి మా వాళ్లు మంచిమాట చెప్పింది తక్కువ. చేతికి దొరకని వాడిని గాలివాటం మనిషి అన్నాం. నమ్మరాని మాటను గాలికబురు అన్నాం. పిల్లవాడు చెడితే గాలితిరుగుళ్లు అన్నాం, ఒంట్లో బాగోకపోతే గాలి సోకిందన్నాం. ఈ ఇంటివాళ్లు మాత్రం నీకోసం రాగితో పరుపు వేశారు. నువ్వొస్తావని కిటికీలకు అద్దాలు పెట్టలేదు. ఎనభై ఏళ్లకు పైగా నిన్ను అతిథిగా పిలిచి, నువ్వు తెచ్చినదాన్ని ఏమిటని అడగకుండా, ఎంతని తూచకుండా తీసుకున్నారు. సెన్ నది లోయలోంచి వస్తావు నువ్వు. ఆ నదిని 1867లో మొదలుపెట్టి నగరం నడిమధ్యన పైకప్పేసి మూసేశారు, నీళ్లు కంటికి కనిపించవు. అయినా నీకు దారి తెలుసు. పండ్లతోటల మీంచి, రైలుపట్టాల మీంచి, పుదీనా కట్టల మీంచి వచ్చి, ఈ పెంకుల సందున దూరి, తియ్యటి ఆవిరి మీద చెయ్యి ఆనించి పోతావు. మా అత్త చెంచాడు తోడు ఇచ్చి మళ్లీ అడగనట్టే నువ్వూ అడగవు.

అటకంతా సాలెగూళ్లు. బూజుకర్ర పట్టుకుని పండగ ముందు ఇల్లు దులిపే జాతి మనది, చెయ్యి ఊరుకోలేదు. కాగితంలో హెచ్చరిక చదివాక జేబులో పెట్టుకున్నాను. ఇక్కడ సాలీడును చంపడం నేరంతో సమానం. తీపికీ పులుపుకీ ముసిరే ఈగల్ని మందు కొట్టి చంపితే గాలిలో ఉన్న ప్రాణం మొత్తం పోతుంది. అందుకని ఆ కావలి పని సాలీళ్లకు అప్పగించారు. పీపాల నడుమ, గొలుసుల నడుమ, దీపం తీగ మీద వేసుకున్న వలలు దుమ్ము పట్టి పాత జరీలాగా వేలాడుతున్నాయి. జీతం లేని పనివాళ్లు, పండక్కి కూడా సెలవు పెట్టరు.

పీపాల గదికి వెళ్లాలి ఇక. ఓక్ చెక్కవి, చెస్ట్‌నట్ చెక్కవి, చాలావరకు మొదట వైను మోసి వచ్చినవి. వరసలు వరసలుగా చీకట్లో పడుకున్నాయి. పొట్ట మీద సుద్దతో ఏ రోజు కాచినదో రాసి ఉంది. గంజి లోపలికి చేరిన నాలుగు రోజులకే పొంగు మొదలవుతుంది. మొదట్లో పైకన్నం మూయరు, మూస్తే పీపా పగులుతుంది. తెల్లటి నురుగు కన్నంలోంచి వచ్చి పొట్ట మీదుగా కారి నేల మీద ఎండిపోతుంది. పొంగు అణిగాక బిరడా బిగిస్తారు. ఆ తర్వాత పని మనుషులది కాదు. మొదటి నెల పేగుల్లో ఉండేలాంటి బ్యాక్టీరియా, తర్వాత మామూలు ఈస్టు, ఎండ తగిలే నెలల్లో పులుపు పుట్టించే బ్యాక్టీరియా, ఎనిమిది నెలలు దాటాక బ్రెట్టనోమైసెస్ అనే ఇంకో మొండి ఈస్టు. ఒకరు దిగిపోతే ఒకరు ఎక్కుతారు, ఊరి బస్సులో సీటు దొరికినట్టు. ఈ చివరి మొండిఘటాన్ని 1904లో కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో పనిచేసే క్లాసెన్ ఇంగ్లండు బీరులో పట్టుకుని, బ్రిటన్ శిలీంధ్రం అనే అర్థం వచ్చేలా పేరు పెట్టాడు. తర్వాత దానిలో ఒక జాతికి బ్రుక్సెలెన్సిస్ అని బ్రసెల్స్ పేరే వచ్చింది. ఊరి పేరు పెట్టుకున్న సూక్ష్మజీవి! ఆ ఊళ్లో దానికో విగ్రహం ఉండాల్సింది, నేనైతే చూడలేదు.

అదే ప్రయోగశాలలో అంతకు ముందే, 1883లో, ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒకే ఒక ఈస్టు కణాన్ని విడదీసి, దాని సంతతితోనే బీరు పులియబెట్టడం ఎలాగో చూపించాడు. ఆ రోజు నుంచి ప్రపంచంలోని బీరు మడి కట్టుకుంది. గాలి అంటుకోకూడదు, చెయ్యి తగలకూడదు. అంతా బాగుపడింది. పాడైపోయే బీరు తగ్గింది, రోజూ ఒకే రుచి వచ్చింది. ఎక్కడ తెరిచినా అదే సీసా. నేను దానికి వ్యతిరేకిని కాను, మే నెల మధ్యాహ్నం వరంగల్ బస్టాండులో చల్లటి లాగర్ విలువ నాకు తెలుసు. ఈ ఇంటికి మాత్రం ఆ వార్త చేరలేదు, చేరినా తలుపు తియ్యలేదు.

తిరిగొచ్చి బల్ల దగ్గర కూర్చున్నాను. పోసే ఆయన మొదట చిన్న గ్లాసులో లాంబిక్ ఇచ్చాడు. ఏడాదిన్నర వయసుది, దేనితోనూ కలపనిది. నురుగు లేదు, బుడగ లేదు. పాత తేనె రంగు. బీరు అనుకుని తాగితే మోసపోతాం. నా పక్కన కూర్చున్న జంట మొదటి గుక్కకే ఒకరి ముఖం ఒకరు చూసుకుని గ్లాసులు దూరంగా జరిపారు. నేను జరపలేదు. పులుపును తప్పుగా చూసే నాలుక కాదు మనది. చింతపండుతో, గోంగూరతో, మామిడికాయతో పెరిగాం. తరవాణి కుండ, కలి కుండ, పులిసిన అంబలి తెలిసిన ఇళ్లలోంచి వచ్చాం. గుక్క లోపలికి పోతుంటే ముందు ఉసిరికాయ, వెనక నిమ్మతొక్క, గొంతు దిగాక తడిసిన గడ్డివాము. అంతా అయ్యాక, ఎవరో పిలిచినట్టు, మరొక వాసన.

తెల్లవారుజాము. తాటివనం. మంచు. చెట్టు మొదట్లో నిలబడి మెడ నొప్పి పుట్టేలా పైకి చూస్తున్న నేను. మీద ఎక్కడో గీతకత్తి చప్పుడు. గౌడ్ మామ నడుముకు మోకు, ముస్తాదు కట్టుకుని ఎక్కి, గెల కొసను ఆకు మందాన చెక్కి, నిండిన లొట్టిని దించి ఖాళీ లొట్టి కట్టి దిగుతాడు. "జరుగు పిల్లగా, మీద పడ్తది" అని అరుస్తాడు. తాటాకు మడిచి రేక చేసి పెద్దవాళ్లు దోసిలి పడితే లొట్టి వంచి పోస్తాడు. పైన తేలిన తేనెటీగను ఊదుకుని తాగాలి. చిన్నవాళ్లకు పొద్దుటి తియ్య కల్లు ఒక గుక్క. మధ్యాహ్నానికి అదే లొట్టి పులిసి, సాయంత్రానికి పులుపెక్కి, మర్నాటికి వంటింటి పనికి తప్ప పనికిరాకుండా పోయేది.

ఆ లొట్టిలో మామ ఏం తోడు వేశాడు? ఏమీ వెయ్యలేదు. నిన్నటి కల్లు తడి మట్టిపొరలో మిగిలి ఉంది, కుండమూతికి చుట్టూ గాలి ఉంది, ఈగ కాళ్లకు ఇంత అంటుకుని ఉంది. అక్కడ రాగి తాంబాళం, ఇక్కడ మట్టిలొట్టి. అక్కడ పీపా చెక్కలో పోయినేటి ప్రాణులు దాక్కుంటాయి, ఇక్కడ కుండ రంధ్రాల్లో నిన్నటివి. పులియకుండా ఉండాలంటే లొట్టి లోపల సున్నం పూస్తారు, అప్పుడది నీరా. 2023లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున నీరా కేఫ్ తెరిచారు, సంతోషమే. కానీ నీరా అంటే గాలికి ఇంకా అప్పగించనిది. గాలికి అప్పగించినదానికి మనం ఏం కట్టాం? కాంపౌండు కట్టాం. చెట్టుకూ సీసాకూ సంబంధం తెగిపోయి, మత్తుమందు కలిపిన తెల్లనీళ్లు అమ్మే చోటుకు కూడా కల్లు అనే పేరే ఉంచాం. కాటమయ్యకు మొక్కి చెట్టెక్కే మనిషి పడి నడుం విరిగితే ఊరు రెండు రోజులు మాట్లాడుకుని మరిచిపోతుంది. కాంతియోన్ బల్ల దగ్గర కూర్చుని నాకు కలిగింది గర్వమో కోపమో తేల్చుకోలేకపోయాను. రెండో గ్లాసు అడిగాను.

రెండోది గూజ్. ఏడాది లాంబిక్, రెండేళ్లది, మూడేళ్లది మూడూ కలిపి సీసాలో పోసి, బిరడా కొట్టి, నేలమాళిగలో పడుకోబెడతారు. కుర్రదానిలో మిగిలిన చక్కెరను ముసలివాటిలోని ఈస్టు సీసాలోనే తిని బుడగలు పుట్టిస్తుంది. అందుకే సీసా షాంపేన్ సీసా అంత మందం. మూడేళ్లు పీపాలో ఉన్నదాంట్లో ఐదో వంతు దాకా చెక్కలోంచి ఆవిరై పోయి ఉంటుంది. ఏ పీపా దేనితో కలపాలో చెప్పే సూత్రం లేదు, కాచే ఆయన నాలుకే చెప్పాలి. పీపా పీపాకూ తిరిగి రుచి చూస్తాడు. కొలతగ్లాసు పట్టుకునే మనిషి కన్నా సంగీత కచేరీలో తంబూర శ్రుతి చేసే మనిషి గుర్తొస్తాడు. తీగలన్నీ కలిసే దాకా వినడమే పని.

సీసాను నిలబెట్టి పొయ్యరు. పేముబుట్టలో ఒరిగించి, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు తెచ్చి, అడుగు మడ్డి కదలకుండా ఒంపుతారు. పోసే ఆయన చేతికి తొందర లేదు. బుడగలు సన్నగా లేచాయి. ఇది లాంబిక్ పులుపులాంటిది కాదు. కుర్రదాని తుంటరితనం ముందు, నడిమిదాని నిండుదనం తర్వాత, ముసలిదాని పొడి వగరు చివర. మద్యం 5 శాతం చుట్టూ ఉంటుందేమో, తలకు ఎక్కదు. ముందు దవడలకు ఎక్కుతుంది, తర్వాత జ్ఞాపకానికి.

"మీ వైపు ఇలాంటిది ఉందా?" అని అడిగాడాయన. అందరినీ అడిగే మర్యాద ప్రశ్నే. నేను ఫోనులో తాటిచెట్టు ఫొటో చూపించాను, పైన మామలాంటి ఎవరో మోకు వేసుకుని ఉన్న ఫొటో. అందులోనూ తోడు వెయ్యరని చెప్పాను. ఆయన కళ్లు చిన్నవి చేసి చాలాసేపు చూశాడు. "ఎంతకాలం ఉంచుతారు?" "మధ్యాహ్నం దాకా." పక్కకు తిరిగి ఫ్రెంచిలో ఎవరికో చెప్పాడు, ఇద్దరూ నవ్వారు. ఎగతాళి లేదు ఆ నవ్వులో. "మూడేళ్ల పని మూడు గంటల్లో అయిపోతుందన్నమాట. సీసాలో పెట్టరా?" "పెడితే పగులుతుంది." ఈసారి ముగ్గురం నవ్వాం.

ఇంటి కథ కొంచెం చెప్పాలి. లెంబేక్ ఊరి నుంచి వచ్చిన పాల్ కాంతియోన్ 1900లో భార్యతో కలిసి ఈ ఇల్లు పెట్టాడు. మొదట్లో వాళ్లు కాచేవాళ్లు కారు, ఇతరులు కాచిన లాంబిక్ కొని కలిపి అమ్మేవాళ్లు. సొంతంగా కాచడం 1930ల చివర కొడుకుల కాలంలో మొదలైంది. యుద్ధాలు వచ్చాయి, పోయాయి. ఆ తర్వాత వచ్చినది యుద్ధం కన్నా ఎక్కువ నష్టం చేసింది, తీపి. జనం నాలుక తీపికి అలవాటు పడింది, కాచేవాళ్లు గూజ్‌లో తీపి కలపడం మొదలుపెట్టారు, కలపలేనివాళ్లు తలుపులు మూశారు. ఈ ఇంటి అల్లుడు జాన్ పియెర్ వాన్ రోయ్ 1978లో ఒక పని చేశాడు. పని ఆపకుండానే ఇంటిని మ్యూజియంగా తెరిచాడు. చూడండి, ఇదిగో గాలి, ఇదిగో చెక్క, ఇష్టముంటే తాగండి. ఇల్లరికపు అల్లుడి మీద మనకు ఎన్ని సామెతలున్నాయో! వాటన్నిటికీ ఈయన ఒక్కడే జవాబు. ఇప్పుడు కాచేది ఆయన కొడుకు జాన్ వాన్ రోయ్. 2016లో బెల్జియం బీరు సంస్కృతి మొత్తాన్నీ యునెస్కో మానవాళి వారసత్వంగా గుర్తించింది. సాలీళ్లకు ఆ కాగితం ఎవరూ చదివి వినిపించి ఉండరు.

కాచడం ఏడాది పొడవునా ఉండదు. అక్టోబరు చివర నుంచి ఏప్రిల్ మొదటి దాకానే. ఎండాకాలపు గాలిలో పనికిరాని బ్యాక్టీరియా ఎక్కువ, గంజి చల్లారేలోపు చెడిపోతుంది. రాత్రి చలి సున్నాకు కాస్త కింది నుంచి ఎనిమిది డిగ్రీల దాకా ఉంటే వాళ్లకు పండగ. 2015 శరదృతువులో రాత్రులు చల్లబడలేదు. జాన్ వాన్ రోయ్ కాచడం ఆపేసి చలి కోసం కూర్చున్నాడు. వాన కోసం ఆకాశం చూసే రైతును చూశాం, చలి కోసం చూసే మనిషి గురించి అక్కడే విన్నాను. ఓ గాలీ, నీకే జ్వరం వస్తే ఈ తాంబాళం ఎవరికి పరవాలి? తాటిచెట్టు అయితే ఎండను ఓర్చుకుంటుంది. ఈ అటక ఓర్చుకోలేదు.

మూడో గ్లాసు క్రీక్. పుల్లటి చెర్రీలు లీటరుకు దాదాపు 200 గ్రాముల లెక్కన పీపాలో వేసి లాంబిక్ పోసి నానబెడతారు. గింజ కూడా తీయరు, అదే చివర్లో బాదంపప్పు వాసన వేస్తుంది. రంగు చూస్తే కుంకుమభరిణ ఒలికినట్టు. రాస్‌బెర్రీలతో చేసే ఇంకొకటి ఉంది, రోజె ద గాంబ్రినుస్, ఆ రోజు సీసాలు లేవు. క్రీక్ గురించి ఇంతకు మించి చెప్పను. అందం ఎక్కువైన చుట్టం వచ్చినప్పుడు ఇంటివాళ్ల ముఖాలు గుర్తుండవు, నాకు ఆ గూజ్ ముఖం గుర్తుండాలి.

బయట చీకటి పడింది. ఆ బల్ల దగ్గర ఇరవై మందిమి ఉంటాం. పాట లేదు, టీవీ లేదు. ఒక మూల జపాను కుర్రాళ్లు సీసా పేరుపట్టీ మీద తేదీ వెతుకుతున్నారు. ఇంకో మూల ఆందర్లెక్ట్ ముసలాయన ఒక్కడే గోడకు ఆనుకుని, గ్లాసు సగం దాకా తాగి, మిగతా సగం చూస్తూ ఉన్నాడు. ఆయన టోపీ బల్ల మీద. టోపీ అంచు మీదికి ఒక సాలీడు నడిచి వచ్చి ఆగింది. ఆయన చూశాడు. గ్లాసు పక్కకు జరిపి దారి ఇచ్చాడు.

వచ్చేటప్పుడు ఒక గూజ్ సీసా కొన్నాను. సంచిలో మూడు చొక్కాల మధ్య చుట్టి హైదరాబాదు దాకా మోశాను. ఊరికి తీసుకెళ్లి, రెండేళ్ల కింద చెట్టెక్కడం మానేసిన మామ ముందు తెరిచాను. స్టీలు గ్లాసులో పోశాను. వాసన చూసి, కొంచెం నోట్లో పోసుకుని, పుక్కిలించి, మింగి, చాలాసేపు ఏమీ అనలేదు. "ఎన్నొద్దులదిరా ఇది?" "మూడేండ్లది మామా." "మూడేండ్లు!" గ్లాసు ఎత్తి వెలుతురుకు పట్టాడు. "ఎవడు ఆగిండురా అన్నొద్దులు?" అడుగుతూనే మిగిలింది తాగేశాడు. "పోద్దాటి కల్లు ఇంకింత నిలిస్తే గిట్లనే ఉంటుండె" అని ఖాళీ గ్లాసు నా చేతికి ఇచ్చాడు.

మీరు అటు వెళ్తే చలికాలంలోనే వెళ్లండి. గ్రాన్ ప్లాస్ మర్నాడైనా చూడొచ్చు. మిదీలో దిగి, ముక్కును నమ్ముకుని నడవండి, మెట్లు మెల్లగా ఎక్కండి. మొదటి గుక్కకు గ్లాసు దూరం పెట్టకండి, మూడో గుక్క దాకా ఆగండి. అటక మీద బూజు కనిపిస్తే మాత్రం దయచేసి దులపకండి.